పళ్లెం పడకముందు పడిన చప్పుడు

మా గదిలో ఆరు మంచాలున్నాయి. ఐదింటి మీద మగవాళ్లు పడుకుంటారు, ఆరోదాని మీద నేను పడుకుంటాను అని మావాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను పరిచయం చేస్తారు. కారణం పెద్దదేం కాదు, నేను సీరియల్ చూసి ఏడుస్తాను. ఏడో తరగతిలో లెక్కల సారు బెత్తం విరిగేదాకా కొట్టినా రాని కన్నీళ్లు, పెళ్లిపీటల మీద నుంచి పెళ్లికూతురు లేచి వెళ్లిపోతుంటే బొటబొటా వచ్చేస్తాయి. ఆ బెత్తం విరిగిన రోజే నేను బడి మానేశాను. బడికి కొత్త బెత్తాల ఖర్చు తప్పించాను కాబట్టి, చదువుల తల్లికి నేను చేసిన సేవ తక్కువేమీ కాదు.

ఉండేది సౌదీలో, అల్ అజీజియాలో. చేసేది ఏసీలు బాగుచేసే పని. ఊళ్లోవాళ్లందరి ఇళ్లూ చల్లబరిచి గదికి వస్తే, మా ఏసీ ముసలి ఎద్దులా దగ్గుతూ ఉంటుంది. మంగలివాడికి జుట్టు పెరిగినట్టే అనుకుని దాని కిందే కూర్చుని సీరియల్ చూస్తాను.

నేను సీరియల్ చూసే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆవిడ అక్కడే ఉంటుంది, బీడీలు చుడుతుంది. బిడ్డ కరీంనగర్లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అక్కడ రాత్రి ఏడున్నరకు సీరియల్ మొదలైతే ఇక్కడ సాయంత్రం ఐదు. కంపెనీ బస్సు దిగి, చెమట బట్టలు కూడా విప్పకముందే వీడియో కాల్ చేస్తాను. ఆమె ఫోను ఎత్తి, ఒక్కసారి మొహం చూపించి, ఫోనును టీవీ వైపు తిప్పి చిన్న స్టూలు మీద చెంబుకు ఆనించి పెడుతుంది. దాని వెనకాల ఆమె కూర్చుంటుంది, ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. అంటే నాకు కనబడేది ఆమె కాదు, ఆమె చూస్తున్న టీవీ. వినబడేది మాత్రం ఆమె. కత్తెర ఆకును కోసే చప్పుడు, గాజుల చప్పుడు, మధ్యమధ్యలో ఆమె తిట్లు.

యాప్‌లో నేరుగా చూడొచ్చు కదా, బొమ్మ ఇంకా శుభ్రంగా ఉంటుంది అని మా గదిలో కడప నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్ చాలాసార్లు చెప్పాడు. చూడొచ్చు. కానీ అందులో ఆ తిట్లు ఉండవు.

తిట్లు ఎందుకంటారా, ఇప్పటి సీరియళ్లను తిట్టకుండా చూడటం దేవుళ్లకు కూడా సాధ్యం కాదు. మా పెళ్లయిన కొత్తలో సీరియల్లో మనుషులు మనుషుల్లాగే ఉండేవాళ్లు. కూరలో ఉప్పు ఎక్కువైందని మొగుడు అలిగితే, ఆ అలక తీరడమే ఆ రోజు కథ. ఇప్పుడు కోడలు పట్టుచీర కట్టుకుని నిద్రపోతుంది, వడ్డాణం పెట్టుకుని నిద్రలేస్తుంది. అత్త తన కుట్ర మొత్తం హాల్లో నిలబడి గట్టిగా తనకు తానే చెప్పుకుంటుంది, ఇంట్లో పదిమంది ఉన్నా ఒక్కరికీ వినబడదు. చచ్చినవాడు వేరే మొహంతో తిరిగొస్తాడు. సోమవారం కొట్టిన చెంపదెబ్బకు బుధవారం గానీ తల పక్కకు తిరగదు. ఆ దెబ్బనే మూడు దిక్కుల నుంచి మూడుసార్లు చూపిస్తారు, మూడుసార్లూ ఉరుము ఉరుముతుంది. ఇక మధ్యలో వచ్చే యాడ్స్ సంగతి చెప్పనక్కర్లేదు. బియ్యం పొయ్యి మీద పెట్టి వస్తే యాడ్స్ అయ్యేసరికి అన్నం ఉడుకుతుంది.

"గా పిల్లకు శెవులు లెవ్వా? ఎనుక నిలబడి గంత మొత్తుకుంటాంటే ఇనబడ్తలేదా?" అని మా ఆవిడ అరుస్తుంది.

"ఇనబడితె రేపటికి కథేం మిగుల్తదే?" అంటాను నేను.

"అయితె గిది ఎందుకు జూస్తున్నం?"

"నువ్వు చూస్తున్నవని నేను, నేను చూస్తున్ననని నువ్వు."

ఆ మాటకు ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు మొహం నాకు కనబడదు. చప్పుడు వస్తుంది, అంతే.

ఈ రోగం మనకే అనుకునేవాడిని. మేం పనిచేసే కాంపౌండ్‌లో ఒక విల్లాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలి ఇంజినీరు ఉంటాడు. ఒకరోజు ఏసీ నీళ్లు కారుతోందంటే వెళ్లాను. ఆయన సోఫాలో కూర్చుని టీవీని తిడుతున్నాడు. తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టేనని తెలిసిపోతుంది కదా. నా ఇంగ్లీషు ఫిల్టరు దగ్గర మొదలై గ్యాసు దగ్గర అయిపోతుంది. ఆయన హిందీ "అచ్ఛా" దగ్గర మొదలై అక్కడే అయిపోతుంది. అయినా బాధ పెద్దది కాబట్టి చేతులతో, మొహంతో మొత్తం చెప్పాడు. అది వాళ్ల దేశంలో యాడ్స్ వేసే చానెల్ సీరియలట. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ వస్తోందట. ఒక వీధి, నాలుగు ఇళ్లు, మూలమీద ఒక కల్లు దుకాణం లాంటిది. ఒక ముసలమ్మ తాళంచెవి పోగొట్టుకుంటే వీధంతా వెతకడం ఒకరోజు కథ. ఇప్పుడు అదే వీధిలో వారానికో హత్య, నెలకో అగ్నిప్రమాదం. పెళ్లి జరిగితే ఎవరో ఒకరు చావాల్సిందే.

"వై, సార్?" అన్నాను.

ఆయన వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ చూసేవాళ్లు తగ్గిపోతున్నారని చెప్పాడు. తర్వాత రిమోటు తీసుకుని సౌండు పెంచుతున్నట్టు చూపించాడు. నాకు అర్థమైంది. మా అంగట్లో బేరం లేనివాడే అందరికంటే గట్టిగా కేకలేస్తాడు. కథ సన్నబడేకొద్దీ చప్పుడు లావెక్కుతుంది.

"దెన్ వై యూ సీ?" అని అడిగాను.

"మై సిస్టర్" అన్నాడు. వాళ్ల అక్క ఆ దేశంలో ఒక్కతే ఉంటుందట. ఆదివారం ఫోనులో మాట్లాడుకోవడానికి వాళ్లిద్దరికీ ఈ సీరియల్ తప్ప వేరే కబుర్లు లేవట. నేను నీళ్లు కారే పైపు బాగుచేసి, నవ్వుకుంటూ వచ్చేశాను. నాలాంటి పిచ్చివాడు ఇంకొకడు దొరికాడని సంబరం.

మా ఆవిడకు షుగరుంది. ఇది ముందే చెప్పాల్సిన మాట. రాత్రి అన్నానికి ముందు వేసుకునే గోలీ ఒకటుంది. ఆమె గోలీ సీరియల్‌కు ముందు వేసుకుంటుంది, అన్నం సీరియల్ అయ్యాక తింటుంది. తిని చూడవే అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "గిది ఏమైతదో అనే రంధిల బువ్వ దిగుతదా?" అంటుంది. ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, రెండు రాష్ట్రాలకూ తెలుసు. అయినా బువ్వ దిగదు.

ఆ రోజు కూడా అలాగే ఫోను తిప్పి పెట్టింది.

"తిన్నవా?"

"ఆకలైతాంది గని, ఇది అయినంక తింట. ఇయ్యాల పళ్లెం పడేతట్టున్నది."

సీరియల్లో కోడలు కాఫీ కప్పులున్న పళ్లెం పట్టుకుని మెట్లెక్కుతోంది. పైగదిలో అత్త ఫోనులో ఎవరితోనో, ఆ కోడలి మొగుడి గురించి చెప్పకూడని మాట చెబుతోంది. కోడలు తలుపు దాకా రావాలి, ఆ మాట వినాలి, పళ్లెం వదిలేయాలి. ఇలాంటప్పుడు మేమిద్దరం ఒక ఆట ఆడతాం. పళ్లెం పడే క్షణాన "పడ్డది" అని ఎవరు ముందంటే వాళ్లు గెలిచినట్టు. అందుకని ఆమె మాట్లాడటం లేదు, నేనూ ఊపిరి బిగబట్టాను. కత్తెర చప్పుడు కూడా ఆగిపోయింది.

ధబ్‌మని ఏదో పడింది. వెంటనే ఇత్తడి గిన్నో స్టీలు గిన్నో దొర్లుతున్న చప్పుడు.

"పడ్డది! నేనే గెలిచిన!" అని అరిచాను. పక్క మంచం మీదున్న కడప భాయ్ ఉలిక్కిపడి లేచాడు.

ఫోనులో చూస్తే, కోడలు ఇంకా మెట్లెక్కుతూనే ఉంది. పళ్లెం చేతుల్లోనే ఉంది. కప్పులు కూడా కదల్లేదు.

అప్పుడు కోడలు తలుపు దగ్గరకు వచ్చింది, మాట వింది, పళ్లెం వదిలింది. ఉరుము ఉరిమింది. ఒకవైపు నుంచి పడింది, ఇంకోవైపు నుంచి పడింది, పైనుంచి పడింది. అంటే మొదట పడింది పళ్లెం కాదు.

"ఓయ్" అన్నాను. "ఓయ్ పిల్లా. నేను దొంగాట ఆడిన. నువ్వే గెలిచినవ్."

జవాబు లేదు. ఆటలో ఓడిపోయి తిట్టకుండా ఊరుకునే మనిషి కాదు ఆమె.

గొంతు చించుకుని పిలిచాను. అక్కడ టీవీ అంతకంటే గట్టిగా అరుస్తోంది. నా గొంతు చిన్న ఫోనులో నుంచి వెళ్లి ఆ ఉరుముల కింద ఎక్కడో నలిగిపోయి ఉంటుంది. గదిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా చుట్టూ చేరారు. ఎప్పుడూ నన్ను ఏడిపించే ఐదుగురూ నా ఫోనులో సీరియల్ చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.

"ఏందిన్నా, ఏమైంది?" అన్నాడు కడప భాయ్.

"పడిపోయింది భాయ్. వెనకాల పడిపోయింది. కనబడ్తలేదు."

"ఫోన్ కట్ చేసి మళ్లా చెయ్."

"కట్ చేస్తే ఎవరెత్తుతరు?"

ఆ ఫోను కట్ చేస్తే నాకు మా ఇల్లు పోయినట్టే. ఉన్నది ఆ ఒక్క కిటికీ. అది కూడా తప్పు దిక్కుకు తెరిచి ఉంది. భాయ్ తన ఫోను నా చేతిలో పెట్టాడు. నా ఫోనులో కాల్ నడుస్తుండగానే నంబరు వెతికి, పక్కింటి చిన్నమ్మకు చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఎదురింటికి చేశాను. ఎత్తలేదు. మూలమీద కిరాణా కొట్టు ఆయనకు చేశాను. ఆయన కొట్లో కూడా టీవీ ఉంది.

మా ఊళ్లో ఆ టైములో ఎవరూ ఫోనెత్తరు. ఎవరైనా చేస్తే, "వీనికి బుద్ధి లేదా, సీరియల్ యాల్ల చేస్తడా" అని తిట్టుకుని పక్కన పడేస్తారు. నేను కూడా ఎన్నోసార్లు అలాగే తిట్టుకున్నాను.

"ఇంగోసారి చెయ్యన్నా" అంటున్నాడు భాయ్. ఆయన పెదాలు దేవుడి పేరు తలుస్తూ కదులుతున్నాయి.

ఫోనులో కోడలు ఏడుస్తోంది. కన్నీళ్లు దగ్గరగా చూపిస్తున్నారు, ఇంకా దగ్గరగా చూపిస్తున్నారు. ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు ఏడుపు రాకపోవడం అదే మొదటిసారి. అక్కడెక్కడో ఆ స్టూలు వెనక, మూరెడు దూరంలో మా ఆవిడ పడి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయా, తల దేనికైనా తగిలిందా, ఊపిరి ఆడుతోందా, ఏదీ తెలియదు. నాకు తెలిసేది ఆ కోడలి ముక్కుపుడక మెరుపు ఒక్కటే.

అప్పుడు వచ్చిన ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. మా క్యాంపులో ఇంతకుముందు జరగనిది కాదు అది. ఊళ్లో మనిషి పోతే, కఫీల్ అనే యజమాని దగ్గరకు పరుగెత్తాలి, వెళ్లి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా పడాలి, టికెట్ దొరకాలి. అప్పటికి అక్కడ అంతా అయిపోతుంది. అందుకని ఎవరో చుట్టం ఫోను పైకెత్తి పట్టుకుంటాడు, ఇక్కడ మంచం మీద కూర్చుని మనిషి తన ఇంటి చావును చూస్తాడు. అలా చూసినవాళ్ల పక్కన నేను కూర్చున్నాను, భుజం మీద చెయ్యి వేశాను. ఇప్పుడు మా వాళ్ల చేతులు నా భుజాల మీద ఉన్నాయి. ఆ చేతుల బరువుకు నేను భయపడ్డాను. అప్పుడే వేశారేమిటి అనిపించింది.

యాడ్స్ ఎప్పుడొస్తాయి అని అడిగాను. గట్టిగానే అడిగాను, ఎవరిని అడిగానో తెలియదు. యాడ్స్ వస్తే ఊరంతా ఒక్కసారి లేస్తుంది. నీళ్లు తాగడానికి, పొయ్యి చూడటానికి, ఎవరు ఫోను చేశారో చూసుకోవడానికి. నా బతుకంతా తిట్టిన యాడ్స్. ఆ రోజు చేతులెత్తి మొక్కాను. దేవుడా, ఒక్క యాడ్ ఇయ్యి. ఏదైనా సరే. కానీ ఆ కోడలు ఏడుపు ఆపదు. నిన్నటిది గుర్తు తెచ్చుకుంటుంది, మొన్నటిది గుర్తు తెచ్చుకుంటుంది, పెళ్లినాటిది గుర్తు తెచ్చుకుంటుంది. సీరియల్‌ను సాగదీస్తున్నారని నవ్వుకునేవాడిని. సాగదీయడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది.

చివరికి ఉరుము ఉరిమి, బొమ్మ మారి, ఎవరో అమ్మాయి సబ్బు నురగతో చేతులు రుద్దుకుంటూ కనిపించింది. చిన్నమ్మకు కొట్టాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"ఎవలు? ఏం నంబరిది?"

"నేను చిన్నమ్మా, సౌదికెల్లి. మా ఇంట్లకు ఉరుకు. పిల్ల పడ్డది, పలుకుతలేదు."

"నువ్వాడ ఉన్నవ్, నీకెట్ల ఎరుక?"

"ఉరుకే చిన్నమ్మా, నీ కాల్మొక్త!"

ఇక నా ఫోనులో చూస్తూ కూర్చున్నాం. సబ్బు అయిపోయింది, నూనె వచ్చింది, బంగారం దుకాణం వచ్చింది. గోడకు గోడ ఇల్లు, ఎంతసేపు పడుతుంది రావడానికి? తలుపు చప్పుడైంది. "ఓ పిల్లా" అన్న గొంతు వినబడింది. తర్వాత "ఓయవ్వో!" అన్న కేక. ఎవరి కాలో స్టూలుకు తగిలింది, ఫోను ఎగిరి వెల్లకిలా పడింది. ఇప్పుడు నాకు మా ఇంటి పైకప్పు కనబడుతోంది, ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను కింద ఎన్నిసార్లు పడుకున్నానో. అంత భయంకరమైన వస్తువును నేను ఎప్పుడూ చూడలేదు.

"ఒళ్లంత సల్లగున్నది" అంటోంది చిన్నమ్మ ఎవరితోనో. "శెమట జూడు. గోలీ ఏసుకుని తినలే గావచ్చు. నువ్వు పొయ్యి ఆరెంపీని పిల్సుకరా. శక్కెర దే, పెదవులకు రుద్దుత."

ఆ తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరో పరుగెత్తారు. డబ్బా మూత పడింది. నేను ఫోనును చెవికి అదుముకున్నాను. టీవీలో సీరియల్ మళ్లీ మొదలైంది. దాన్ని ఆపాలని అక్కడ ఎవరికీ తోచలేదు. మా ఆవిడ బతికుందా లేదా అన్న మాట కోసం నేను అత్త నవ్వుల్లో నుంచి వెతుక్కుంటున్నాను.

"కండ్లు దెర్సింది కొడుకా" అంది చిన్నమ్మ. "ఇగో, కండ్లు దెర్సింది. నన్ను జూత్తాంది."

ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చాడు, గ్లూకోజు ఎక్కించాడు. నేను అప్పుడు ఏడ్చాను. గదిలోవాళ్లలో ఇద్దరు మొహం కడుక్కునే వంకతో బయటకు వెళ్లారు.

తర్వాత తెలిసిన సంగతి ఒకటుంది. మా ఆవిడ పడిన చప్పుడు గోడ అవతల చిన్నమ్మకు కూడా వినబడిందట. గిన్నె దొర్లడం కూడా వినబడిందట. "సీరియల్ల పడ్డదనుకున్న కొడుకా" అంది. ఆమె తప్పేమీ లేదు. నేనూ అదే అనుకున్నాను. అనుకోవడమే కాదు, గెలిచానని అరిచాను. రోజూ ఇన్ని పళ్లేలు పడుతుంటే, ఇన్ని ఉరుములు ఉరుముతుంటే, నిజంగా పడిన మనిషి చప్పుడును వేరుగా గుర్తుపట్టే చెవులు మాకెవరికీ మిగల్లేదు.

ఈ మాట ఆ ఇంగ్లండు సార్‌కు కూడా నా చేతుల ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు ఆదివారం కాకపోయినా, నేను ఇంకా విల్లాలో ఉండగానే వాళ్లక్కకు ఫోను కలిపాడు. ఆమె ఎత్తేదాకా నిలబడే ఉన్నాడు.

భయం మాత్రం నాకు పోలేదు. ఇప్పటికీ బస్సు దిగి ఫోను చేస్తే, ఆమె ఎత్తేలోపు రింగులు లెక్కపెడతాను. లేచి తిరుగుతున్న రెండోరోజే ఆమె మళ్లీ చాట ముందు పెట్టుకుని, ఫోనును టీవీ వైపు తిప్పబోయింది.

"వద్దు" అన్నాను. "ఇయ్యాల్టి సంది ఫోను నీ దిక్కు పెట్టు. సీరియల్ నువ్వు చూడు. నేను నిన్ను చూస్త."

ఆమె కత్తెర పక్కన పెట్టి, ఫోనులోకి, నా మొహంలోకి చూసింది.

"చూస్తవ్, సరే" అంది. "పడితె ఆడికెల్లి లేపుతవా?"